అతని గురించి కాదు, అతనితోనే: డచ్ సమాజంలో ‘రొడ్డెలన్’ కథ

2021 మార్చి 25. నెదర్లాండ్స్‌లో ఎన్నికలు ముగిసి వారం దాటింది. ఏయే పార్టీలు కలిసి కొత్త ప్రభుత్వం ఏర్పాటు చేయగలవో మాట్లాడి తేల్చే పనిలో ఉన్న ఇద్దరిలో కైసా ఓలొంగ్రెన్ ఒకరు. ఆ రోజు ఆవిడకు కరోనా పాజిటివ్ అని తేలింది. హేగ్‌లోని పార్లమెంటు భవనాల నుంచి హడావిడిగా బయటికి వస్తుంటే ఫోటో తీశారు. చంకలో పెట్టుకున్న కాగితాల మీది అక్షరాలు ఆ ఫోటోలో చదవగలిగేంత స్పష్టంగా పడ్డాయి. వాటిలో ఒక ముక్క దేశాన్ని కుదిపేసింది: “ఓమ్‌ట్సిఖ్ట్ స్థానం, వేరేచోట పదవి.”

పీటర్ ఓమ్‌ట్సిఖ్ట్ అప్పటికి అధికార కూటమిలోని పార్టీ ఎంపీయే, కానీ ప్రభుత్వాన్ని నిలదీసేవాడు. పిల్లల సంరక్షణ భత్యం విషయంలో వేల కుటుంబాలను పన్నుల శాఖ అన్యాయంగా మోసగాళ్ళుగా ముద్రవేసిన కుంభకోణం బయటపడటంలో ఆయన పాత్ర పెద్దది. ఆ దెబ్బకే 2021 జనవరిలో ప్రభుత్వం రాజీనామా చేసింది. ఎన్నికల్లో ఆయన పేరు మీదే 3 లక్షల 40 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. అలాంటి మనిషి పని ఒత్తిడితో అలసిపోయి ఇంట్లో విశ్రాంతి తీసుకుంటుంటే, ఆయన్ని ఎక్కడికి పంపాలా అన్న మాట నాలుగు గోడల మధ్య నడిచింది. ఆయన గురించి తాను మాట్లాడలేదని ప్రధాని మార్క్ రుట్టె అదే రోజు చెప్పారు. ఏప్రిల్ 1న బయటపెట్టిన సమావేశపు నోట్సులో మాట్లాడినట్టే ఉంది. సరిగ్గా గుర్తులేక అలా చెప్పానని రుట్టె వివరణ ఇచ్చుకున్నారు. అవిశ్వాస తీర్మానం వీగిపోయి పదవి దక్కింది గానీ, ఆయన తీరును తప్పుపడుతూ కూటమి భాగస్వాములే పెట్టిన తీర్మానం నెగ్గింది.

రాజకీయంగా ఇది ఊసుపోని కబుర్ల కంటే చాలా పెద్ద విషయం. అయినా దీన్ని మొదట చెప్పడానికి కారణం ఉంది. డచ్చివాళ్ళు ఇంట్లో, బడిలో, ఆఫీసులో తరచూ చెప్పుకునే ఒక నియమం ఉంది: మనిషి గురించి కాదు, మనిషితో మాట్లాడాలి. ‘రొడ్డెలన్’ అన్న డచ్ మాటకు అంత చెడ్డపేరు రావడం వెనక ఉన్నది ఈ నియమమే.

రొడ్డెలన్ అంటే, అక్కడ లేని మనిషి గురించి, ఆ మనిషి వింటే నచ్చని పద్ధతిలో మాట్లాడుకోవడం. ఊరికే కబుర్లు చెప్పుకుంటే ‘క్లెట్సెన్’, దానిలో తప్పేమీ లేదు. కావాలని చెడుగా చెబితే ‘క్వాడ్‌స్ప్రేకెన్’. తెలిసి తెలిసి అబద్ధపు నింద వేస్తే ‘లాస్టర్’, అది నేరం. రొడ్డెలన్ వీటి మధ్యలో ఉంటుంది. మన కబుర్లకూ, ఆడిపోసుకోవడానికీ నడుమ ఎక్కడో ఉంటుంది. చాడీలకు మాత్రం వేరే మాట ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. మనం పుకారు అన్నప్పుడు మనసులో ముందు వచ్చే ప్రశ్న “నిజమా, అబద్ధమా?” అని. రొడ్డెలన్ విషయంలో ఆ ప్రశ్నకు పెద్దగా విలువ లేదు. చెప్పింది అక్షరాలా నిజమైనా సరే, ఆ మనిషి ముందు అనలేని మాటైతే అది రొడ్డెలే (రొడ్డెలన్ అంటే అలా మాట్లాడుకోవడం, రొడ్డెల్ అంటే ఆ మాట). “నేను చెప్పింది నిజమే కదా” అన్న సమర్థన అక్కడ చెల్లదు. “మరి తనతోనే ఎందుకు అనలేదు?” అని అడుగుతారు.

డచ్చివాళ్ళు ముక్కుసూటిగా మాట్లాడతారన్న పేరు ఊరికే రాలేదు. మొహం మీద చెప్పడం వాళ్ళ దృష్టిలో గౌరవం. నీకు వినే ధైర్యం ఉంది, జవాబు చెప్పుకునే హక్కు ఉంది అని ఒప్పుకోవడం. అలాంటి చోట వెనకాల మాట్లాడటం పిరికితనం కిందా, అన్యాయం కిందా లెక్క. అలాగని వాళ్ళు వెనకాల మాట్లాడుకోరా అంటే, అందరిలాగే మాట్లాడుకుంటారు. దానికి వాళ్ళకో ముచ్చటైన ముందుమాట కూడా ఉంది: “మన మధ్య అన్నదీ, మన మధ్యే మౌనంగా ఉంచేదీ.” పుట్టినరోజు నాడు బంధువులంతా కుర్చీలు గుండ్రంగా వేసుకుని కాఫీ, కేకు తీసుకునే ఇళ్ళలోనూ, శుక్రవారం సాయంత్రం ఆఫీసువాళ్ళు బీరు గ్లాసులతో నిలబడి మాట్లాడుకునే చోటా ఈ మాట వినబడుతూనే ఉంటుంది.

ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచడం ఆ నేల మీద కొత్త కాదు. పాత డచ్ ఊళ్ళలో కొన్ని ఇళ్ళకు కిటికీ చట్రం బయట, ఏటవాలుగా బిగించిన చిన్న అద్దం ఈనాటికీ కనిపిస్తుంది. దాని పేరు ‘స్పియొన్నెట్యె’, అంటే చిన్న గూఢచారి. లోపల కుర్చీలో కూర్చున్న మనిషి లేవకుండానే వీధి ఆ చివర నుంచి ఎవరు వస్తున్నారో, ఎవరి తలుపు తడుతున్నారో చూడవచ్చు. కిటికీలకు పరదాలు తెరిచే ఉంచే అలవాటు కూడా బయటివాళ్ళ కంట పడేదే. ఇలా ఇరుగుపొరుగు గమనిస్తూ ఉండటాన్ని ‘సొసియాలె కొంట్రోలె’ అంటారు. ముసలాయన రెండు రోజులుగా కనిపించకపోతే వెళ్ళి తలుపు తట్టేదీ అదే, పక్కింటి అమ్మాయి ఎన్నింటికి ఇంటికి వచ్చిందో లెక్క పెట్టేదీ అదే. ఒకే మాటను మెచ్చుకోలుగానూ, ఫిర్యాదుగానూ వాడతారు.

“మామూలుగా ఉండు, అదే సరిపోయేంత వింత” అన్నది వాళ్ళలో ప్రతి ఒక్కరికీ తెలిసిన సామెత. పచ్చిక మట్టం కంటే తల పైకెత్తకూడదన్నది దాని తోబుట్టువు. ఎవరైనా మిగతావాళ్ళ కంటే ఎక్కువగా కనిపించడానికి ప్రయత్నిస్తే ఆ తలను మళ్ళీ మట్టానికి దించే పనిలో రొడ్డెల్‌కు పెద్ద వాటా ఉంటుంది. కొత్త కారు కొన్నవాడి గురించి, హఠాత్తుగా పెద్ద పదవి వచ్చినవాడి గురించి నాలుగు మాటలు పడతాయి. ఎత్తైన చెట్లకే గాలి ఎక్కువ తగులుతుందని ఇంకో సామెత. సమానత్వాన్ని ప్రాణంగా చూసుకునే సమాజంలో వెనకమాట ఆ సమానత్వానికి కాపలా కాస్తుంది. తిడుతూనే దాన్ని వదులుకోలేకపోవడానికి నాకు కనిపించే ప్రధాన కారణం ఇది.

ఈ తిట్టు ఎక్కువగా ఎవరి మీద పడిందో చూడాలంటే పీటర్ బ్రూగెల్ 1559లో వేసిన సామెతల చిత్రం చూడాలి. ఇప్పుడది బెర్లిన్‌లో ఉంది. వందకు పైగా సామెతల్ని ఒకే ఊరి దృశ్యంలో మనుషులుగా, పనులుగా గీసిన చిత్రం. అందులో ఇద్దరు ఆడవాళ్ళు నూలు వడికే కర్ర పట్టుకుని ఉంటారు. ఒకామె కర్రకు పీచు చుడుతుంటే ఇంకొకామె దాన్ని వడుకుతుంది. ఒకరు అందించింది మరొకరు దారంగా తీస్తారన్నది ఆ సామెత, అంటే గాలికబుర్లు పుట్టేది అలా అని. పక్కనే ఒక నల్లకుక్క. ఇద్దరు ఆడవాళ్ళు కలిసిన చోట గొడవకు ఆ కుక్క అవసరం కూడా లేదన్నట్టు మరో సామెత. అప్పట్లో ఆ ప్రాంతపు పట్టణాల్లో, జర్మన్ పట్టణాల్లో, నోరు జారిన ఆడవాళ్ళ మెడకు బరువైన రాళ్ళు తగిలించి ఊరేగించే శిక్ష ఉండేది. ఈ రోజుకీ డచ్‌లో వెనకమాటల మనిషిని ‘రొడ్డెల్‌టాంటె’ అంటారు. టాంటె అంటే అత్తో, పిన్నో. మగవాడి గురించి చెప్పేటప్పుడూ ఈ ఆడపేరే వాడటం మామూలే.

ఈ ముద్రకు ఆధారం బలంగా లేదు. అమెరికాలో 467 మంది రోజువారీ మాటలను చిన్న రికార్డర్లతో నమోదు చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, మనిషి సగటున రోజుకు 52 నిమిషాలు అక్కడ లేనివాళ్ళ గురించి మాట్లాడుతున్నట్టు తేలింది. అందులో అత్యధిక భాగం మంచీ కాదు, చెడూ కాదు, మామూలు సమాచారం. ఆడవాళ్ళు ఇలాంటి మామూలు కబుర్లు కొంచెం ఎక్కువ చెప్పారు గానీ, చెడుగా మాట్లాడటంలో మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ తేడా కనిపించలేదు. మగవాళ్ళు చెప్పుకుంటే “ఆఫీసు విషయాలు”, ఆడవాళ్ళు చెప్పుకుంటే “గాసిప్” అనే పేర్ల తేడా మన దగ్గరా కొత్తేం కాదు. ‘అమ్మలక్కలు’ అన్న మాట ఎప్పుడెప్పుడు వాడతామో గుర్తుచేసుకుంటే చాలు.

వెనకమాటల మీద నెదర్లాండ్స్‌లోనే చాలా మంచి పరిశోధన జరిగింది. తమ సమాజంలో అంత చెడ్డపేరున్న పనిని ఇంత ఓపికగా కొలిచి చూడటం నాకు నచ్చింది. గ్రోనింగన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాఫెల్ విట్టెక్, రూడి వీలర్స్ 1990లలో ఆఫీసుల్లోనూ, బడి తరగతుల్లోనూ ఎవరు ఎవరితో ఎవరి గురించి మాట్లాడతారో పటాలు గీసి చూశారు. వెనకమాట బాగా పండేది ఒక రకమైన ముగ్గురి మధ్య అని వాళ్ళు చూపించారు: ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడుతుంది, ఆ ఇద్దరికీ మూడో మనిషి అంటే పడదు. అంటే రొడ్డెల్ మూడో మనిషిని దెబ్బతీయడం కంటే ముందు ఆ ఇద్దరినీ దగ్గర చేస్తుంది. “ఇది నీతోనే చెబుతున్నా” అన్నప్పుడు విన్నవాడికి దక్కేది వార్త ఒక్కటే కాదు, నమ్మకం కూడా.

ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన బియాంకా బేర్స్మా, ఖెర్బెన్ ఫాన్ క్లేఫ్ 2011లో చేసిన ప్రయోగం ఇంకో వైపు చూపిస్తుంది. బృందంలో ఎవరికి వాళ్ళు తమ వాటాలోంచి అందరి కోసం ఎంత ఇస్తారో చూశారు. ఎవరెంత ఇచ్చారో మిగతావాళ్ళకు తెలిసిపోతుందని, పైగా ఆ బృందంవాళ్ళు వెనకాల మాట్లాడుకునే రకమని ముందే తెలిసినప్పుడు జనం ఎక్కువ ఇచ్చారు. నలుగురూ ఏమనుకుంటారోనన్న జంకు పిసినారిని కూడా కాస్త చెయ్యి విప్పేలా చేస్తుంది. తర్వాతి ఏడాది, మనుషులు అసలెందుకు ఇలా మాట్లాడతారని అదే ఇద్దరూ అడిగారు. విషయం తెలుసుకోవడానికి, తాను అనుకున్నది సరైనదో కాదో సరిచూసుకోవడానికి అన్న కారణం అన్నిటి కంటే ముందు నిలిచింది. ఒకరి పేరు చెడగొట్టాలన్న ఉద్దేశం అట్టడుగున ఉంది. తమ గురించి తామే చెప్పుకున్నది కాబట్టి కొంత తగ్గించి చూడాలి. అయినా “ఆయన నాతో అలా మాట్లాడాడు, నీతోనూ అంతేనా?” అన్న ప్రశ్నలో విషం కంటే అయోమయమే ఎక్కువ అని అందరికీ అనుభవమే.

ఆమ్‌స్టెల్‌ఫేన్, ఐండ్‌హోవెన్ లాంటి చోట్ల ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్ళు ఇప్పుడు తక్కువేం కాదు. అక్కడి ఆఫీసుల్లో మనవాళ్ళు రెండు చోట్ల తడబడే అవకాశం ఉంది. మీటింగులో అందరి ముందూ “ఈ పని బాగా లేదు” అని సహోద్యోగి అనేస్తే మనకు అవమానంగా అనిపిస్తుంది, రాత్రి నిద్ర పట్టదు. అన్నవాడి లెక్కలో మాత్రం అది నిజాయితీ, వెనకాల అనకపోవడమే మర్యాద. రెండోది దీనికి తలకిందులు. ఒకావిడ నాలుగు వారాలుగా సెలవులో ఉంటే “పాపం, ఏమైందట ఆవిడకి?” అని కాఫీ మెషిన్ దగ్గర అడగడం మనకు ఆపేక్ష. అక్కడ ఉద్యోగి జబ్బు ఏమిటో, ఎందుకు వచ్చిందో అడిగే హక్కు యజమానికే లేదు. అది కంపెనీ డాక్టరుకు మాత్రమే తెలిసే సంగతి. అందుకే మన ఆపేక్ష ప్రశ్నకు అవతలి మనిషి మొహం బిగుసుకుపోవచ్చు. ఆవిడకే ఒక కార్డు పంపితే ఎంతో సంతోషిస్తారు. జబ్బు చేసినవాళ్ళకు “త్వరగా కోలుకో” అని పోస్టు కార్డు పంపే అలవాటు అక్కడ ఇంకా బతికే ఉంది.

ఇంతవరకూ చూస్తే ఆ నియమం చక్కగానే ఉంది. వెనకాల అనకు, ముందే అను. అయితే ముందు అనగలిగే స్థితిలో ఎవరున్నారు? ఇక్కడే చాడీల సంగతి చెప్పాలి. చాడీలు చెప్పే పిల్లను డచ్ పిల్లలు ‘క్లిక్‌స్పాన్’ అని ఏడిపిస్తారు. దానికి పాతకాలపు వీధిపాట ఒకటుంది: మా వీధిలోంచి నువ్వు పోకూడదు, కుక్క కరుస్తుంది, పిల్లి గీరుతుంది, అంతా నీ వాగుడు వల్లే అని. అంటే తోటివాళ్ళతో చెబితే రొడ్డెల్, పైవాళ్ళతో చెబితే క్లిక్‌స్పాన్. రెండు తలుపులూ మూసేశాక మిగిలింది ఒక్కటే, ఎదురుగా వెళ్ళి చెప్పడం. సమానుల మధ్య అది బాగానే ఉంటుంది. మూడు నెలల కాంట్రాక్టు మీద పనిచేసే ఇరవై రెండేళ్ళ అమ్మాయి, తన మీద అరిచే లేదా చెయ్యి వేసే పేరుమోసిన మనిషి ఎదురుగా వెళ్ళి ఎలా చెబుతుంది?

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. 2022 జనవరిలో ‘ద వాయిస్ ఆఫ్ హాలండ్’ అనే పాటల పోటీ కార్యక్రమంలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు పాత్రికేయుడు టిమ్ హోఫ్‌మన్ వీడియోతో బయటికి వచ్చాయి. ఆ ఏటి పోటీ సగంలో ఉండగానే కార్యక్రమాన్ని ఆపేశారు. అమ్మాయిలు ఇంకా త్వరగా నోరు విప్పి ఉండాల్సిందన్న అర్థం వచ్చేలా దాని సృష్టికర్త జాన్ డె మోల్ మాట్లాడారు. దానికి ఆయన సంస్థలోని మహిళలు పత్రికలో ప్రకటన వేసి జవాబిచ్చారు: ప్రియమైన జాన్, తప్పు ఆడవాళ్ళది కాదు అని. ఇది ఆ నియమం ప్రకారమే నడిచింది చూడండి, ఆయన గురించి కాదు, ఆయనతోనే, అదీ దేశం మొత్తం చూస్తుండగా. కానీ అంత ధైర్యం ఒక్కరికి రాదు, చాలామంది కలిస్తేనే వస్తుంది. ఆ చాలామంది కలవాలంటే ముందు ఎప్పుడో ఇద్దరు గుసగుసగా “నీకూ జరిగిందా?” అని అడిగి ఉండాలి.

అదే ఏడాది నవంబరులో ఒక ప్రసిద్ధ టీవీ చర్చా కార్యక్రమంలో భయపెట్టే వాతావరణం గురించి ‘ఫోల్క్స్‌క్రాంట్’ పత్రిక రాసింది. ఆ తర్వాత ప్రభుత్వ ప్రసార సంస్థలన్నిటి మీదా మార్టిన్ ఫాన్ రైన్ అధ్యక్షతన విచారణ జరిగింది. 2024 ఫిబ్రవరి 1న వచ్చిన నివేదికలో, పాల్గొన్నవారిలో నాలుగింట మూడొంతుల మంది హద్దుమీరిన ప్రవర్తనను ఎదుర్కోవడమో, కళ్ళారా చూడటమో జరిగిందని చెప్పినట్టుంది. ఆ నివేదికకు పెట్టిన పేరు “చూడలేదు, వినలేదు, చేయలేదు”. ఇలాంటి మాటలు తిరిగే నడవాలకు డచ్‌లో ‘వాండెల్‌గాంగెన్’ అని ప్రత్యేకమైన మాటే ఉంది. అంతమంది అనుభవించింది ఆ నడవాల్లో ఎవరి చెవినా పడలేదంటే నమ్మడం కష్టం. పడినా అది “ఉత్త రొడ్డెల్” అని పక్కన పెట్టేయడం పైనున్నవాళ్ళకు ఎంత సులువో ఆలోచించాలి. ఆ పేరు పెట్టగానే విన్నవాడి మీద బాధ్యత పోతుంది, చెప్పినవాడి మీద నింద పడుతుంది.

అలాగని వెనకమాటను బలహీనుల ఆయుధం అని నెత్తిన పెట్టుకోలేం. అదే ఆయుధం వాళ్ళ మీదకూ తిరుగుతుంది. జీవితం చివరి ఏళ్ళు ఆమ్‌స్టర్‌డామ్‌లో గడిపి 1990లో అక్కడే కన్నుమూసిన సామాజికవేత్త నార్బర్ట్ ఎలియాస్, ఇంగ్లండులోని ఒక పేట మీద చేసిన పరిశోధనలో దీన్ని బాగా పట్టుకున్నాడు. పాతకాపులు తమలో అతి మంచివాళ్ళ కథలే చెప్పుకుంటారు, కొత్తగా వచ్చినవాళ్ళలో అతి చెడ్డవాళ్ళ కథలే ప్రచారం చేస్తారు. డబ్బులో, కులగోత్రాల్లో ఏ తేడా లేకపోయినా ఆ కథలతోనే ఒకరు పైవాళ్ళు, ఒకరు కిందివాళ్ళు అయిపోతారు.

వలస కుటుంబాల్లో ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. టర్కీ, మొరాకో మూలాలున్న కుటుంబాల ఆడపిల్లలకు ‘రొడ్డెల్’ అంటే కాలక్షేపం కాదు, చదువు, స్నేహాలు, పెళ్ళి అన్నిటినీ కట్టేసే తాడు. హేగ్‌లో పెద్ద సంఖ్యలో ఉన్న హిందుస్తానీలదీ ఇదే బాధ. వీళ్ళ పూర్వీకులు 1873 నుంచి కూలీ ఒప్పందాల మీద ఉత్తర భారతం నుంచి, దక్షిణ అమెరికాలో అప్పటి డచ్ వలస అయిన సురినామ్‌కు వెళ్ళారు, తర్వాతి తరాలు నెదర్లాండ్స్ చేరాయి. రెండు సముద్రాలు దాటినా వాళ్ళ సర్నామీ భాషలో “మనయి కా బోలీ” అన్న మాట చెక్కుచెదరలేదు. మనుషులేమంటారు అని దాని అర్థం. మనకు “నలుగురూ ఏమనుకుంటారు?” ఉండగా దానికి వేరే అనువాదం అక్కర్లేదు. ‘లోకులు పలుగాకులు’ అని తెలిసి కూడా లోకులకే జడిసే ఇళ్ళలో పెరిగిన ఎవరికైనా ఆ ఆడపిల్లల టెన్షన్ వెంటనే అర్థమవుతుంది.

పేరున్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళ గురించిన రొడ్డెల్ ఒక వ్యాపారం. ‘స్టోరీ’, ‘ప్రివే’ లాంటి వారపత్రికలు దశాబ్దాలుగా సూపర్‌మార్కెట్ బిల్లు కౌంటర్ దగ్గర కనిపిస్తున్నాయి, ఇప్పుడు ఆ పని ఫోన్లలోని చానెళ్ళు చేస్తున్నాయి. రాజకుటుంబపు సొంత జీవితం జోలికి పోకుండా 2005లో ఒక మీడియా నియమావళి పెట్టారు.

రొడ్డెల్ ఎక్కడ నేరమవుతుందో డచ్ శిక్షాస్మృతి 261, 262 సెక్షన్లు చెబుతాయి. ఒకరి పరువు తీయాలని, నలుగురికీ తెలియాలన్న స్పష్టమైన ఉద్దేశంతో ఫలానా పని చేశాడని ఆరోపిస్తే అది ‘స్మాద్’, ఆరు నెలల దాకా జైలు. రాతలోనో, బొమ్మలోనో పెట్టి ప్రచారం చేస్తే ఏడాది దాకా. అబద్ధమని తెలిసీ అంటే ‘లాస్టర్’, రెండేళ్ళ దాకా. కాఫీ మెషిన్ దగ్గర ఇద్దరు చెవులు కొరుక్కుంటే సాధారణంగా ఇవేవీ వర్తించవు. 261లోనే మూడో క్లాజు ఒకటుంది. జనం నోట రొడ్డెల్ అన్న మాట అడగని రెండు ప్రశ్నల్ని అది అడుగుతుంది. చెప్పినవాడు తాను చెప్పేది నిజమని మనస్ఫూర్తిగా నమ్మడానికి కారణం ఉందా? దాన్ని బయటపెట్టడం ప్రజాహితానికి అవసరమా? రెండిటికీ అవును అని జవాబు వస్తే, ఆ మాట ఎవరి పరువు తీసినా, అది స్మాద్ కాదు.